‘దానంతటదే’ చాటున ఉన్న కర్త: ఇంటి రౌటరు నేపథ్య అభ్యర్థనలపై భాషాపరమైన విమర్శ

వ్యాససంగ్రహం

ఇంటి రౌటరు గృహస్థుని ఆదేశం లేకుండానే బయటి సర్వర్లకు తరచుగా అభ్యర్థనలు పంపుతుంది. సమయం అడగడం, కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందేమో విచారించడం, సేవాసంస్థకు తన స్థితిని నివేదించడం, వాడుక వివరాలు చేరవేయడం వీటిలో ముఖ్యమైనవి. ఈ పనులను వర్ణించే భాషలో ‘స్వయంచాలకం’, ‘దానంతటదే’ అన్న మాటలు క్రియను చూపి కర్తను మరుగుపరుస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు వ్యాకరణంలోని ప్రేరణార్థక భావనను విమర్శసాధనంగా తీసుకొని, 2003 నుంచి 2018 వరకు బహిరంగంగా నమోదైన కొన్ని ఉదంతాలను పరిశీలిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం నోటీసులు తెలుగులోనూ అందుబాటులో ఉండవలసిన సందర్భంలో, ఆ నోటీసుల వాక్యనిర్మాణం ఎలా ఉండాలన్న ప్రశ్నను చర్చిస్తుంది.

కీలకపదాలు: రౌటరు, నేపథ్య అభ్యర్థన, ప్రేరణార్థకం, కర్తృత్వం, ఇంటిగుట్టు, సమ్మతి, నోటీసు భాష.

1. ఉపోద్ఘాతం

కంప్యూటరు, మొబైలు, సామాజిక మాధ్యమాల గురించి తెలుగులో చర్చ విరివిగానే జరిగింది. కథలోనూ కవితలోనూ మొబైలు ఫోను ఒక పాత్ర స్థాయిని అందుకుంది. రౌటరుకు ఆ స్థానం దక్కలేదు. గోడకు తగిలించిన ఆ చిన్న పెట్టెను ఇంటివారు నెట్ ఆగిపోయినప్పుడు తప్ప తలచుకోరు. అప్పుడైనా స్విచ్ ఆపి మళ్లీ వేయడంతో ఆ తలపు ముగుస్తుంది. పట్టణాల్లోనూ పల్లెల్లోనూ దానిని బిగించేది చాలావరకు కేబుల్ లేదా బ్రాడ్‌బ్యాండ్ సంస్థ మనిషే. వైఫై పేరు, పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లడంతో గృహస్థునికి ఆ పరికరంతో పరిచయం పూర్తవుతుంది.

ఇంట్లోని ప్రతి ఫోను, టీవీ, ల్యాప్‌టాప్, నిఘా కెమెరా బయటి ప్రపంచంతో మాట్లాడేది ఆ పెట్టె ద్వారానే. పైగా ఆ పరికరాలన్నీ ఊరుకున్న వేళ కూడా పెట్టె తన తరఫున మాట్లాడుతూనే ఉంటుంది. సాంకేతిక పరిభాషలో వీటిని నేపథ్య అభ్యర్థనలు అంటారు. వీటి వల్ల గోప్యతకు, భద్రతకు కలిగే ముప్పు గురించి సాంకేతిక నిపుణులు రెండు దశాబ్దాలుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. ఈ వ్యాసం ఆ ముప్పును భాష వైపు నుంచి చూస్తుంది. ఒక పనిని ఏ మాటలతో చెబుతున్నామన్నదాన్ని బట్టే దానికి ఎవరిని బాధ్యులుగా చూస్తామన్నది నిర్ణయమవుతుంది. రౌటరు విషయంలో వాడుకలో ఉన్న మాటలు బాధ్యులను కనబడనీయకుండా చేశాయన్నది ఇక్కడి వాదం.

2. నేపథ్యంలో జరుగుతున్నది

విమర్శకు ముందు వస్తుపరిచయం అవసరం. విద్యుత్తు అందిన క్షణం నుంచి రౌటరు చేసే పనులను స్థూలంగా ఇలా చెప్పవచ్చు. మొదట సేవాసంస్థ నుంచి తనకొక ఐపీ చిరునామా అడిగి తీసుకుంటుంది. తర్వాత సరైన సమయం తెలుసుకోవడానికి ఒక సమయ సర్వరును అడుగుతుంది. రౌటర్లలో చాలావాటికి విద్యుత్తు పోతే కాలాన్ని నిలుపుకొనే సొంత గడియారం ఉండదు కాబట్టి ఈ అడగడం వాటికి అవసరమే. ఇంట్లో ఎవరైనా ఒక వెబ్‌సైటు పేరు కోరినప్పుడు, ఆ పేరుకు సరిపోయే సంఖ్యారూప చిరునామా కోసం డీఎన్‌ఎస్ సర్వరును విచారిస్తుంది. ఇంటర్నెట్ అందుతున్నదో లేదో తేల్చుకోవడానికి కొన్ని రౌటర్లు నిర్ణీత వ్యవధిలో ఏదో ఒక సర్వరును పలకరిస్తాయి. తయారీదారు సర్వరు దగ్గర కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూస్తాయి. సేవాసంస్థ ఇచ్చిన రౌటరైతే, టీఆర్-069 అనే పద్ధతిలో ఆ సంస్థ నిర్వహణ సర్వరుకు తన స్థితిని నివేదిస్తుంది. కొన్ని నమూనాలు వాడుక వివరాలను కూడా తయారీదారుకు పంపుతాయి.

వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద రహస్యం కాదు. సమయం అడిగిన రౌటరు తన ఐపీ చిరునామాను మాత్రమే బయటపెడుతుంది. అయితే అదే అభ్యర్థన రోజుల తరబడి క్రమం తప్పకుండా ఒకే చోటికి చేరుతున్నప్పుడు, ఆ ఇంట్లో రౌటరు ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది అన్న వరుస అవతలివారి దగ్గర తయారవుతుంది. డీఎన్‌ఎస్ విచారణలు మరింత చెబుతాయి. 1987లో స్థిరపడిన డీఎన్‌ఎస్ ప్రమాణంలో విచారణలు మరుగు లేకుండానే ప్రయాణిస్తాయి. వాటిని సంకేతీకరించే ప్రమాణాలు 2016లోనూ 2018లోనూ వచ్చినా, ఇంటి రౌటర్లన్నీ వాటిని అందిపుచ్చుకోలేదు. ఒక ఇంటి నుంచి ఏ ఆసుపత్రి పేరు, ఏ బ్యాంకు పేరు, ఏ వివాహ వేదిక పేరు అడిగారో విచారణల వరుస చూసినవారికి తెలుస్తుంది. ఆ సైట్లలో ఏం చదివారన్నది తెలియకపోవచ్చు. ఏ గుమ్మం ముందు నిలబడ్డారన్నది మాత్రం తెలుస్తుంది.

ఇక్కడ ‘నేపథ్యం’ అన్న మాట గమనింపదగింది. నాటక పరిభాషలో నేపథ్యం తెర వెనుక చోటు. అక్కడి నుంచి వచ్చే మాట ప్రేక్షకునికి వినబడుతుంది. అది ఫలానా పాత్ర మాట అని కాసేపటికైనా తెలుస్తుంది. రౌటరు నేపథ్యంలో ఆ రెండూ లేవు. మాట ఇంట్లోవారికి వినబడదు; ఎవరి మాటో తెలిసే ఏర్పాటూ లేదు.

3. ‘దానంతటదే’ – వ్యాకరణదృష్టి

“రౌటరు దానంతటదే అప్‌డేట్ అవుతుంది”, “సమయం ఆటోమేటిక్‌గా సెట్ అవుతుంది” – ఇవి నిత్యవ్యవహారంలో వినిపించే వాక్యాలు. రెండింటిలోనూ క్రియ ‘అవు’. తెలుగులో ఈ ధాతువు పని జరగడాన్ని చెబుతుంది. చేసినవారిని చెప్పవలసిన అవసరాన్ని తప్పిస్తుంది. ‘దానంతటదే’ అన్న మాట ఇంకో అడుగు ముందుకు వేసి, చేసినవారు లేరని కూడా చెబుతుంది. వాన కురిసింది, పొద్దు పొడిచింది అన్న వాక్యాల వరుసలోకి రౌటరు చేరిపోతుంది. వానను నిలదీసేవారు ఉండరు.

తెలుగు వ్యాకరణంలో దీనికి విరుగుడు ఉంది. చేయు–చేయించు, అడుగు–అడిగించు, తిను–తినిపించు వంటి జంటలలో రెండవ రూపం ప్రేరణార్థకం. చిన్నయసూరి బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదంలో ఈ రూపనిష్పత్తిని వివరించాడు. సంస్కృత వ్యాకరణ సంప్రదాయం ఇటువంటి వాక్యంలో ఇద్దరు కర్తలను గుర్తిస్తుంది. పనిని స్వయంగా చేసేవాడు ప్రయోజ్యకర్త. చేయించేవాడు ప్రయోజకకర్త. పాణిని ఈ రెండవవానికి ‘హేతువు’ అన్న సంజ్ఞను కూడా ఇచ్చాడు. యజమాని సేవకుని చేత వంట చేయించినప్పుడు గరిట తిప్పినది సేవకుడే అయినా, ఆ పనికి హేతువు యజమాని.

ఈ భావనను రౌటరుకు అన్వయిస్తే చిత్రం మారుతుంది. రౌటరు సమయం అడగడం లేదు; దాని చేత ఒకరు అడిగిస్తున్నారు. ఫర్మ్‌వేర్‌లో ఏ సర్వరు చిరునామా రాయాలి, ఎన్ని సెకన్లకొకసారి అడగాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి అన్న ప్రతి అంశం ఒక మనిషి లేదా ఒక సంస్థ తీసుకున్న నిర్ణయం. పరికరం ప్రయోజ్యకర్త మాత్రమే. అప్పుడు అడగవలసిన ప్రశ్న ‘ఏం జరుగుతోంది’ అన్నచోట ఆగదు. ‘ఎవరు చేయిస్తున్నారు’ అన్నదాకా సాగుతుంది.

ఈ ప్రశ్నకు జవాబులు నాలుగు రకాలు. ఇంట్లో ఒకరు ఒక పుట తెరవడం వల్ల వెళ్లే డీఎన్‌ఎస్ విచారణకు ప్రేరకుడు గృహస్థుడు. టీఆర్-069 నివేదనకు ప్రేరకుడు సేవాసంస్థ. సమయ సర్వరు ఎంపికకు, వాడుక వివరాల చేరవేతకు ప్రేరకుడు తయారీదారు. ఫర్మ్‌వేర్‌లోకి దొంగతనంగా చేరిన ఆదేశం వల్ల వెళ్లే అభ్యర్థనకు ప్రేరకుడు చొరబాటుదారు. బయటికి వెళ్లే పొట్లాలను పైపైన చూస్తే ఈ నాలుగూ ఒకే తీరుగా కనిపించవచ్చు. ‘ఆటోమేటిక్’ అన్న ఒక్క మాట వీటిని ఒకే గంపలో వేస్తుంది.

ఒక ఆక్షేపణకు ఇక్కడే సమాధానం చెప్పాలి. రౌటరు తయారీలో చిప్పు చేసేవారు, మూల సాఫ్ట్‌వేర్ ఇచ్చేవారు, పెట్టె బిగించేవారు, పేరు ముద్రించి అమ్మేవారు వేరువేరుగా ఉంటారు. కాబట్టి ఒకరిని ప్రేరకుడనడం సరికాదని వాదించవచ్చు. తెలుగులో ‘చేయింపజేయు’ అన్న రూపం ఉండనే ఉంది. ప్రేరణ మీద ప్రేరణను భాష అంగీకరిస్తుంది. గొలుసు పొడవైనంత మాత్రాన కర్త లేకుండా పోడు. ఎన్ని కొసలున్నాయో చెప్పవలసి వస్తుంది, అంతే.

4. కర్త కనబడిన ఉదంతాలు

4.1. విస్కాన్సిన్, 2003. అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయం ప్రజలందరి ఉపయోగార్థం ఒక సమయ సర్వరును నడుపుతుండేది. 2003 మే నెలలో ఆ సర్వరుకు అభ్యర్థనలు వరదలా వచ్చాయి. జూన్ నాటికి సెకనుకు రెండున్నర లక్షల పొట్లాలు వచ్చిపడ్డాయి. ప్రపంచం నలుమూలల నుంచి వస్తున్న ఆ ఒత్తిడి చూడగానే ఎవరో పూనుకొని చేస్తున్న దాడిలా తోచింది. విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డేవ్ ప్లాంకా మూలాన్ని శోధించగా, అవన్నీ నెట్‌గేర్ సంస్థ ఇంటి రౌటర్లని తేలింది. ఆ సర్వరు ఐపీ చిరునామాను ఫర్మ్‌వేర్‌లోనే స్థిరంగా రాసేశారు. పైగా జవాబు అందకపోతే సెకనుకొకసారి మళ్లీ అడిగేలా కూర్చారు. సర్వరు ఉక్కిరిబిక్కిరై జవాబు ఇవ్వలేకపోయినకొద్దీ అడిగేవారి ఒత్తిడి పెరిగింది. లోపమున్న పరికరాల సంఖ్య ఏడు లక్షలకు పైమాట. సంస్థ తన బాధ్యతను గుర్తించి, విశ్వవిద్యాలయానికి 3,75,000 డాలర్లు అందజేసింది.

తమ ఇంటి పెట్టె ఎక్కడో ఒక విశ్వవిద్యాలయాన్ని వేధిస్తున్నదన్న సంగతి ఆ ఏడు లక్షల గృహస్థులలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. వారు చేయలేదు, చేయించలేదు. అయినా పొట్లాల మీద ఉన్నది వారి చిరునామాయే. ప్రయోజ్యకర్త ఒకచోట, ప్రయోజకకర్త మరొకచోట, చిరునామాదారు ఇంకొకచోట ఉండే ఈ స్థితి నేపథ్య అభ్యర్థనల స్వభావాన్ని స్పష్టంగా చూపుతుంది. ఈ అనుభవం ఆధారంగా ప్లాంకా రచించిన ఆర్‌ఎఫ్‌సీ 4085 అనే పత్రం 2005 జూన్‌లో వెలువడింది. పరికరాలలో ఐపీ చిరునామాలను స్థిరంగా పొదగడం హానికరమని అది ఇంటర్నెట్ సమాజానికి హితవు చెప్పింది.

4.2. డెన్మార్క్, 2005–06. పాల్–హెన్నింగ్ కాంప్ డెన్మార్క్‌లో ఒక సమయ సర్వరును ఆ దేశపు నెట్‌వర్కుల ఉపయోగార్థం ఉచితంగా నడిపేవాడు. ఆ సర్వరు మీద పడుతున్న అభ్యర్థనలలో అధికభాగం డీ–లింక్ రౌటర్ల నుంచి వస్తున్నట్లు అతడు గుర్తించాడు. 2005 నవంబరులో సంస్థను సంప్రదించాడు. ఫలితం లేకపోవడంతో 2006 ఏప్రిల్‌లో బహిరంగలేఖ రాశాడు. ఆ నెలాఖరుకు ఉభయులూ రాజీకి వచ్చారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పొట్లాల లెక్క అయిదు నెలల పాటు సాధించలేని పనిని, కర్తను పేరుపెట్టి పిలిచిన ఒక లేఖ కొన్ని వారాలలో సాధించింది.

4.3. రెండు 2017 ఉదంతాలు. టీపీ–లింక్ సంస్థ వైఫై పరిధిని పెంచే కొన్ని పరికరాలు ఇంటర్నెట్ ఉన్నదీ లేనిదీ తేల్చడానికి అయిదు సెకన్లకొకసారి డీఎన్‌ఎస్, సమయ సర్వర్లకు అభ్యర్థనలు పంపుతున్నట్లు 2017 డిసెంబరులో బయటపడింది. నెలకు 700 ఎంబీకి పైగా డేటా దీనికే ఖర్చయ్యేది. నిర్వహణ తెరమీద ‘ఇంటర్నెట్ ఉంది’ అని చూపే ఒక గుర్తు కోసం ఇంత వ్యయం జరిగింది. ఎవరూ ఆ తెర తెరవని వేళల్లోనూ ఆ అడగడం ఆగలేదు. డేటాకు లెక్కకట్టి చెల్లించే ఇంటికి అది నేరుగా డబ్బు నష్టం.

అదే సంవత్సరం మొదటి అర్ధభాగంలో నెట్‌గేర్ ఒక ప్రసిద్ధ నమూనాకు ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌లో వాడుక వివరాల సేకరణను చేర్చింది. రౌటరుకు కలిసిన పరికరాల సంఖ్య, ఐపీ చిరునామా, మాక్ చిరునామాలు, వరుస సంఖ్య, వైఫై వివరాలు అందులో ఉన్నాయి. ఆపే వీలు ఇచ్చారు. కాని ఆపనంతవరకు అది నడుస్తూనే ఉంటుంది. విస్కాన్సిన్ ఉదంతంలో ఉన్నది పొరపాటు. ఇక్కడ ఉన్నది ఉద్దేశం. రెండింటినీ గృహస్థుడు విన్నది మాత్రం ‘ఆటోమేటిక్’ అన్న ఒకే మాటలో. పొరపాటుకూ ఉద్దేశానికీ మధ్య తేడాను చెరిపేసే పదం విమర్శకు నిలబడదు.

5. నిర్వహణ ద్వారం: భద్రత పేరిట వచ్చే సందేహం

భద్రత కోసమే ఈ అభ్యర్థనలు అవసరమన్న వాదానికి బలం ఉంది. గృహస్థుడు ఫర్మ్‌వేర్‌ను తానుగా మార్చడు. కనుక తయారీదారో సేవాసంస్థో దూరం నుంచి మార్చకపోతే లోపాలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. ఈ వాదాన్ని తోసిపుచ్చడం సాధ్యం కాదు. అయితే నిర్వహణకు తెరిచిన ద్వారం నిర్వాహకుని ఒక్కనికే తెరుచుకుంటుందన్న హామీ లేదు.

2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ ఖాతాదారులలో దాదాపు తొమ్మిది లక్షల మందికి ఇంటర్నెట్ తెగిపోయింది. దూరనిర్వహణకు ఉద్దేశించిన పోర్టు మీద మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ రకం ఒకటి దాడి చేయడం ఇందుకు కారణం. అక్కడి రౌటర్లు ఆ దుష్ట సాఫ్ట్‌వేర్ వశం కాకుండానే దాడి తాకిడికి కూలబడ్డాయి. యజమాని సౌకర్యార్థమని పెట్టిన దొడ్డిదారి ఆ రోజు అపరిచితులకు చిరునామాగా మారింది.

2018 మేలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ ఉదంతం ఇంకా లోతైనది. సిస్కో టాలోస్ పరిశోధకుల అంచనా ప్రకారం 54 దేశాలలో కనీసం అయిదు లక్షల పరికరాలకు ఈ దుష్ట సాఫ్ట్‌వేర్ సోకింది. అది రౌటరులో చేరి, తన యజమానుల సర్వరును నేపథ్యంలో సంప్రదించేది. అమెరికా ఎఫ్‌బీఐ ఆ సంప్రదింపుకు వాడుతున్న ఒక డొమైన్‌ను న్యాయస్థానం అనుమతితో స్వాధీనం చేసుకొని, రౌటర్లను ఒకసారి ఆపి వేయమని ప్రజలను కోరింది. తిరిగి వెలిగిన రౌటరు పాత అలవాటు ప్రకారం ఆ డొమైన్‌ను పలకరిస్తుంది; అప్పుడది సోకిన పరికరమని తెలిసిపోతుంది. ఒకే అభ్యర్థన నిన్న చొరబాటుదారుకు, నేడు దర్యాప్తు సంస్థకు చేరింది. రౌటరు వైపు ఏ మార్పూ లేదు. మారినది వినేవారు మాత్రమే.

ఈ ఉదంతంలో దర్యాప్తు సంస్థ ఉద్దేశం రక్షణే. అయినా సాధారణంగా వర్తించే పాఠం ఒకటి మిగులుతుంది. నేపథ్య అభ్యర్థన మంచిదా చెడ్డదా అన్నది అభ్యర్థన రూపంలో ఉండదు; దానిని చేయించేవారిలో, వినేవారిలో ఉంటుంది. కాబట్టి ‘భద్రత కోసం’ అన్న ప్రయోజనవాక్యం ఒక్కటే చాలదు. ఎవరి చేతిలో ఉన్న భద్రత అన్నది కూడా చెప్పాలి.

6. ఇంటిగుట్టు: వ్యక్తికీ ఇంటికీ మధ్య

ఆంగ్లంలోని ప్రైవసీకి తెలుగులో ‘గోప్యత’ స్థిరపడింది. దాచడం అన్న అర్థం ఈ మాటకు పునాది. అందువల్లనే ‘దాచవలసింది ఏముంది’ అన్న ఎదురుప్రశ్నకు అది సులభంగా లొంగిపోతుంది. తెలుగు వ్యవహారంలో దీనికన్నా పాతుకుపోయిన మాట ‘గుట్టు’. గుట్టుగా బతకడం అంటే తప్పు దాచుకోవడం కాదు. తన ఇంటి సంగతి తన అదుపులో ఉంచుకోవడం. గోప్యతలో దాపరికం ముందుకు వస్తే, గుట్టులో మర్యాద, అదుపు ముందుకు వస్తాయి. పైగా గుట్టు ఒక వ్యక్తికి పరిమితం కాదు, ఇంటిది.

సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ హక్కుకు ఆధారం వ్యక్తి. 2023 చట్టం కూడా సమ్మతిని వ్యక్తి నుంచే కోరుతుంది. ఫోను విషయంలో ఈ చట్రం సరిపోతుంది, ఎందుకంటే ఫోను చాలావరకు ఒకరిది. రౌటరు ఒకరిది కాదు. కనెక్షను ఒకరి పేరున ఉంటుంది. దాని గుండా అత్తగారి భక్తిపాటలు, కోడలి ఉద్యోగ దరఖాస్తు, పిల్లల ఆన్‌లైను పాఠం, పై వాటాలో అద్దెకున్నవారి బ్యాంకు లావాదేవీ, చుట్టపుచూపుగా వచ్చినవారి ఫోను – అన్నీ ప్రవహిస్తాయి. రౌటరుకు కలిసిన పరికరాల జాబితా ఒక్కటి చూస్తే, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరు ఏ వేళకు వచ్చి పోతున్నారు అన్నది ఊహించవచ్చు. ఆ జాబితాకు సమ్మతి ఇచ్చినది కనెక్షను తీసుకున్న ఒక్కరు. తక్కినవారిని అడిగినవారు లేరు.

“ఇంటిగుట్టు లంకకు చేటు” అన్న సామెతలో గుట్టు చెప్పినవాడు ఇంటివాడే. తెలిసి, ఆలోచించి, ధర్మపక్షం ఎంచుకొని చెప్పాడు. రౌటరు కూడా ఇంటిదే. కాని తెలిసి చెప్పదు, ఎంచుకొని చెప్పదు. ఇంటివారు దానిని తమదని నమ్మడం, అది మరొకరి మాట వినడం – ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే నేపథ్య అభ్యర్థనల సమస్యకు కేంద్రం.

7. తెలుగు నోటీసు ఎలా ఉండాలి?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. సమ్మతి కోరే సంస్థ ఏ డేటాను ఏ ప్రయోజనానికి తీసుకుంటున్నదో నోటీసు ద్వారా చెప్పాలని చట్టం అంటుంది. ఆ నోటీసును ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చూసుకునే వీలు కల్పించాలి. సమ్మతి కోరే భాష తేటగా, సరళంగా ఉండాలి. ఇచ్చినంత సులభంగానే సమ్మతిని వెనక్కు తీసుకోగలగాలి. ఈ చట్టపు నియమావళి 2025 నవంబరులో వెలువడింది. నోటీసు, సమ్మతులకు సంబంధించిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సేకరించే వివరాలు ఒక వ్యక్తిని గుర్తించడానికి వీలిచ్చినంత మేరకు రౌటరు డేటా కూడా ఈ పరిధిలోకి వస్తుంది.

అంటే సమీప భవిష్యత్తులో తెలుగు నోటీసులు పెద్ద సంఖ్యలో రానున్నాయి. అవి ఆంగ్ల మూలాలకు యాంత్రిక అనువాదాలుగా వచ్చే ప్రమాదం ఎక్కువ. అప్పుడు వాక్యం ఇలా ఉండవచ్చు: “మెరుగైన సేవల నిమిత్తం పరికర సమాచారం స్వయంచాలకంగా సేకరించబడుతుంది.” ఇది ఏ ఒక్క సంస్థ వాక్యమూ కాదు, చర్చ కోసం కూర్చిన నమూనా. ఇందులో కర్త లేడు. ‘బడు’ ప్రయోగం తెలుగు నుడికారానికి సహజం కాదన్నది అలా ఉంచినా, అది చేసే అసలు పని సేకరించేవారిని తప్పించడం. ‘స్వయంచాలకంగా’ అన్నది ఆ తప్పించడానికి ముద్ర వేస్తుంది. ‘మెరుగైన సేవలు’ ఎవరికి మెరుగో తెలియదు. ‘పరికర సమాచారం’ అన్న సమాసంలో మనిషి అదృశ్యమయ్యాడు.

దీనికి ప్రత్యామ్నాయం ఇలా ఉండవచ్చు: “మీ ఇంటి రౌటరు చేత మా సంస్థ రోజుకొకసారి తన సర్వరుకు కొన్ని వివరాలు పంపించుకుంటుంది. రౌటరు వరుస సంఖ్య, దానికి కలిసిన ఫోన్లు, టీవీల సంఖ్య అందులో ఉంటాయి. మీరు చూసే సైట్ల పేర్లు ఉండవు. వద్దనుకుంటే సెట్టింగులలో దీనిని ఆపవచ్చు. ఆపినా మీ ఇంటర్నెట్ ఆగదు.” వాక్యాలు పెరిగాయి, పదాలు తేలికయ్యాయి. ముఖ్యంగా కర్త వచ్చాడు. ఒక భాషాసూక్ష్మాన్ని ఇక్కడ గమనించాలి. ‘పంపించు’ వాడుకలో ‘పంపు’తో సమానమైపోయి ప్రేరణార్థాన్ని చాలావరకు కోల్పోయింది. కాబట్టి ‘రౌటరు చేత’ అని ప్రయోజ్యకర్తను విడిగా చెప్పడం తప్పనిసరి. ‘అడిగించు’, ‘చేయించు’ వంటి రూపాలలో ఆ బలం ఇంకా నిలిచి ఉంది.

భాష మారినంత మాత్రాన అభ్యర్థన ఆగదన్న ఆక్షేపణ సమంజసమే. నోటీసు చదవకుండా అంగీకారం నొక్కేవారే ఎక్కువన్నదీ నిజమే. అయితే నోటీసు చదివేది గృహస్థుడు ఒక్కడే కాదు. ఫిర్యాదు వచ్చినప్పుడు విచారించేవారు, న్యాయవాదులు, పాత్రికేయులు, పరిశోధకులు చదువుతారు. కర్త ఉన్న వాక్యాన్ని నిజమా అబద్ధమా అని పరీక్షించవచ్చు. ‘సేకరించబడుతుంది’ అన్న వాక్యంలో ఎవరు, ఎంత తరచుగా, ఏమేమి అన్నవి లేవు కాబట్టి అది అబద్ధం కాలేదు. అందుకే దానిని ఆశ్రయిస్తారు.

ఇంగ్లండు, తక్కిన బ్రిటన్ ప్రాంతాలలో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉన్న నిబంధనలు ఇంటి పరికరాలలో అందరికీ ఒకే పాస్‌వర్డు పెట్టడాన్ని నిషేధించాయి. భద్రతా సవరణలు ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలని కోరాయి. రెండవ నియమం ఈ చర్చకు దగ్గరిది. అది ‘అప్‌డేట్ అవుతుంది’ అన్న కర్త లేని వాక్యాన్ని ‘ఫలానా తేదీ వరకు మేము ఇస్తాం’ అన్న వాక్యంగా మార్చమంటుంది. చట్టం కోరినది కూడా ఒక వాక్యపరివర్తనమే.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. రౌటరు నేపథ్య అభ్యర్థనలను ‘దానంతటదే’ జరిగేవిగా వర్ణించడం పొరపాటును, ఉద్దేశాన్ని, దాడిని, గృహస్థుని సొంత అవసరాన్ని ఒకటిగా కలిపేస్తుంది.

2. ప్రేరణార్థక దృష్టి ఈ నాలుగింటినీ విడదీస్తుంది. విస్కాన్సిన్, డెన్మార్క్ ఉదంతాలలో ప్రేరకుని గుర్తించి పేరుపెట్టిన తర్వాతే దిద్దుబాటు వచ్చింది.

3. వీపీఎన్‌ఫిల్టర్ ఉదంతం ప్రకారం అభ్యర్థన రూపం కన్నా దానిని చేయించేవారు, వినేవారు ఎవరన్నదే గోప్యతకూ భద్రతకూ నిర్ణాయకం.

4. వ్యక్తిని ఆధారంగా చేసుకున్న సమ్మతి ఇంటి రౌటరుకు పూర్తిగా చాలదు. ‘ఇంటిగుట్టు’ అన్న తెలుగు భావన ఈ లోటును గుర్తించడానికి తోడ్పడుతుంది.

5. చట్టప్రకారం రానున్న తెలుగు నోటీసులలో కర్మణి ప్రయోగాన్ని, ‘స్వయంచాలకంగా’ అన్న విశేషణాన్ని విడిచి, ఎవరు, దేని చేత, ఎంత తరచుగా, ఏమి పంపించుకుంటున్నారో, ఎలా ఆపవచ్చో చెప్పే వాక్యాలు అవసరం.

ఈ చివరి పని సాంకేతిక నిపుణులు ఒంటరిగా చేయగలిగింది కాదు. క్రియకు కర్తను వెతకడం తెలుగు శాఖలలో మొదటి సంవత్సరం విద్యార్థికి నేర్పే పాఠం. నోటీసుల రూపకల్పనలో, వాటి అనువాదాల పరిశీలనలో భాషావేత్తలకు చోటు కల్పిస్తే ఆ పాఠం తరగతి గది దాటి ఇంటి గుమ్మందాకా వస్తుంది. గడువు ముగిసేలోగా నమూనా నోటీసులను తెలుగులో రాసి, చర్చించి, అందుబాటులో ఉంచడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వెంటనే చేపట్టగల పరిశోధన.